ఆ గ్యారేజీలో ఓ బల్బు!

సిలికాన్ వ్యాలీకి పురుడు పోసింది కంప్యూటర్ అనుకుంటాం. కానీ ఆ పేరు పుట్టకముందే, ఇద్దరు కుర్రాళ్లు అద్దింటి వెనకాల కార్ల షెడ్డులో ఓ సిగ్నల్ జనరేటర్ తయారుచేశారు. ఆ షెడ్డు పాలో ఆల్టోలో ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్లనివ్వరు. అందులో తయారైన సర్క్యూట్‌ని మాత్రం మన ఇంట్లో, మన టేబుల్ మీద ఎవరైనా కట్టుకోవచ్చు.

అమెరికాలో బే ఏరియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు అమ్మానాన్నలకు ఓ టూరు జాబితా సిద్ధంగా ఉంటుంది. శనివారం గోల్డెన్ గేట్ వంతెన. ఆదివారం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం. మధ్యలో ఓ సాయంత్రం మౌంటెన్ వ్యూలో గూగుల్ ఆఫీసు ముందు ఫొటో, కూపర్టినోలో ఆపిల్ వాళ్ల దగ్గర మరో ఫొటో. 'ఇదేనమ్మా సిలికాన్ వ్యాలీ' అంటాడు అబ్బాయి కారు నడుపుతూ. అద్దాల గోడలు, పచ్చిక, పార్కింగ్ స్థలాలు తప్ప ఇంకేం కనిపించవు. ఇంతకీ ఇదంతా ఎక్కడ మొదలైంది? ఆ ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఒకటుంది. దాన్ని చూడ్డానికి టిక్కెట్టు లేదు, క్యూ లేదు, గైడు లేడు. అక్కడున్నది ఓ పాత ఇల్లు, దాని వెనకాల ఓ చెక్క షెడ్డు, ముందు ఓ ఫలకం.

పొడవైన చెట్టు ఊరు

శాన్‌ఫ్రాన్సిస్కోలో కాల్‌ట్రెయిన్ ఎక్కితే గంటలోపే పాలో ఆల్టో చేరుకోవచ్చు. ఒకప్పుడు డీజిల్ ఇంజిన్లు లాగిన ఈ రైళ్లు 2024 సెప్టెంబరు నుంచి కరెంటు మీద నడుస్తున్నాయి. పాలో ఆల్టో అంటే స్పానిష్‌లో 'పొడవైన చెట్టు'. ఊరికి పేరిచ్చిన ఆ రెడ్‌వుడ్ చెట్టు రైలు పట్టాల పక్కన వాగు ఒడ్డున ఇప్పటికీ నిలబడి ఉంది. వయసు వెయ్యేళ్లకు పైమాటే.

స్టేషన్‌కి ఒకవైపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, రెండోవైపు ఊరు. ఊరివైపు దిగి యూనివర్సిటీ అవెన్యూ మీదుగా ఎమర్సన్ వీధిలోకి తిరిగితే హామిల్టన్, ఫారెస్ట్, హోమర్, చానింగ్... ఒకదాని తర్వాత ఒకటి అడ్డవీధులు వస్తాయి. చానింగ్ మూల దగ్గర ఓ నిమిషం ఆగాలి. అక్కడో ఫలకం ఉంది. ఫెడరల్ టెలిగ్రాఫ్ కంపెనీ ప్రయోగశాల ఒకప్పుడు ఆ మూలనే ఉండేది. లీ డి ఫారెస్ట్ 1911-13 మధ్య అక్కడ పనిచేస్తూ వ్యాక్యూమ్ ట్యూబుతో చిన్న సంకేతాన్ని పెద్దది చేయడం, అదే ట్యూబుతో సంకేతాన్ని పుట్టించడం సాధించాడు. మొదటిది ఆంప్లిఫయర్. రెండోది ఆసిలేటర్. ఆ భవనం ఇప్పుడు లేదు, ఫలకమే మిగిలింది. మనం చూడబోయే షెడ్డులో పాతికేళ్ల తర్వాత జరిగిన కథకు మొదటి అధ్యాయం ఈ మూలమీదే ఉందన్నమాట.

అక్కణ్నుంచి ఒక్క వీధి దాటితే అడిసన్ అవెన్యూ. ఎడమవైపు తిరిగి రెండు అడ్డవీధులు దాటగానే 367వ నంబరు ఇల్లు. ఈ పేటను 'ప్రొఫెసర్‌విల్' అంటారు. పూర్వం స్టాన్‌ఫర్డ్ పంతుళ్లు కట్టుకున్న ఇళ్లు. పెద్ద పెద్ద చెట్లు, వెడల్పాటి కాలిబాటలు. మధ్యాహ్నం పూట పిట్టల అరుపులు తప్ప మరో చప్పుడు ఉండదు. సిలికాన్ వ్యాలీ జన్మస్థలం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరూ అనుకోరు.

గేటు ఇవతలే...

రెండంతస్తుల పాత చెక్క ఇల్లు. గోడలనిండా చెక్క పెంకులు. పక్కనుంచి కారు వెళ్లేంత సన్నటి దారి. ఆ దారి చివర, ఇంటి వెనకాల, రెండు తలుపుల గ్యారేజీ. వెడల్పు 12 అడుగులు, పొడవు 18 అడుగులు. మన ఊళ్లలో ఓ మోస్తరు పడగ్గది అంత! ముందు పచ్చిక దగ్గరున్న ఫలకం ఇది కాలిఫోర్నియా చారిత్రక స్థలం నంబరు 976 అనీ, సిలికాన్ వ్యాలీ జన్మస్థలం అనీ చెబుతుంది. రాష్ట్రం 1987లో ఆ గుర్తింపు ఇచ్చింది. హెచ్‌పీ కంపెనీ 2000లో ఈ ఇంటిని 17 లక్షల డాలర్లు పెట్టి కొని, తర్వాత పాత రూపానికి తెచ్చింది. 2007లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకీ ఎక్కింది.

లోపలికి ప్రవేశం లేదు. కాలిబాట మీద నిలబడి చూడాల్సిందే. వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లూ ఓ ఫొటో తీసుకుని, 'ఇంతేనా!' అని వెళ్లిపోతారు. నిజానికి అక్కడ చూడాల్సింది గ్యారేజీని కాదు. అందులో ఏం తయారైందో, ఎందుకు తయారైందో తెలిస్తే తప్ప ఆ రెండు తలుపులు మనతో మాట్లాడవు.

నెలకు 45 డాలర్ల అద్దె

1938లో డేవ్ ప్యాకార్డ్‌కి 26 ఏళ్లు, బిల్ హ్యూలెట్‌కి 25. ఇద్దరూ స్టాన్‌ఫర్డ్‌లో కలిసి చదువుకున్న స్నేహితులు. చదువయ్యాక ప్యాకార్డ్ న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. హ్యూలెట్ మరింత చదువుకున్నాడు. వాళ్ల ప్రొఫెసర్ ఫ్రెడ్ టెర్మన్‌కి ఓ బాధ ఉండేది. తాను తీర్చిదిద్దిన కుర్రాళ్లంతా ఉద్యోగాల కోసం తూర్పు తీరానికి వెళ్లిపోతున్నారు. ఇక్కడే ఏదైనా మొదలుపెట్టండర్రా అని ఆయన ప్రోత్సహించేవారు. పిల్లలు అమెరికా వెళ్లిపోతున్నారని మన ఊళ్లలో మాస్టార్లు పడే బాధ లాంటిదే. ఆయన ఊరు అమెరికాలోనే ఉంది, అంతే తేడా.

టెర్మన్ 500 డాలర్ల ఫెలోషిప్ ఏర్పాటుచేసి ప్యాకార్డ్‌ని వెనక్కి రప్పించారు. ప్యాకార్డ్, అతని భార్య లూసీల్ ఈ ఇంటి కింది వాటా నెలకు 45 డాలర్లకు అద్దెకు తీసుకున్నారు. పెళ్లికాని హ్యూలెట్ మకాం పెరట్లోని చిన్న గుడిసెలో. గ్యారేజీ వర్క్‌షాపు అయింది. స్కెనెక్టడీ నుంచి ప్యాకార్డ్ తెచ్చుకున్న పాత డ్రిల్లింగ్ మిషనే వాళ్ల ప్రధాన యంత్రం. చేతిలో ఉన్న పెట్టుబడి 538 డాలర్లు.

ఏం తయారుచేయాలో వాళ్లకే తెలీదు. దొరికిన పనల్లా చేశారు. బౌలింగ్ ఆటలో గీత దాటితే గంట కొట్టే పరికరం, లిక్ అబ్జర్వేటరీ టెలిస్కోపును తిప్పే మోటారుకు నియంత్రణ, మౌత్ ఆర్గాన్ శ్రుతి చేసే సాధనం, మూత్రశాలలో తనంతట తానే నీళ్లు వదిలే ఏర్పాటు, కరెంటు షాకులతో బరువు తగ్గించే యంత్రం... ఇవన్నీ ఆ జాబితాలోవే. వాటిలో ఏదీ కంపెనీని నిలబెట్టలేదు. నిలబెట్టింది హ్యూలెట్ కాలేజీ థీసిస్ కోసం కట్టిన ఓ ఆసిలేటర్.

పెళ్లి పందిట్లో మైకు కూత

ఆసిలేటర్ అంటే ఏమిటో తెలియాలంటే పెళ్లి పందిట్లోకి వెళ్దాం. మైకు పట్టుకున్నాయన స్పీకర్ ముందుకు రాగానే 'కూ...' అని చెవులు చిల్లులుపడేలా కూత. ఎందుకలా? మైకులోకి వెళ్లిన చిన్న శబ్దం ఆంప్లిఫయర్‌లో పెద్దదై స్పీకర్లోంచి వస్తుంది. అది మళ్లీ మైకులోకి దూరుతుంది. ఇంకా పెద్దదవుతుంది. మళ్లీ దూరుతుంది. అలా తన తోకను తానే మింగుతూ పెరిగే పాములా శబ్దం పెరిగిపోతుంది. ఆసిలేటర్ చేసేదీ ఇదే పని. ఆంప్లిఫయర్ నుంచి వచ్చిన దాన్ని మళ్లీ దానికే అందించడం. కాకపోతే ఆ కూతను మచ్చిక చేసుకుని, మనకు కావలసిన ఒకే స్వరం మీద, కావలసినంతే గట్టిగా నిలబెట్టాలి.

ఈ నిలబెట్టడంలోనే ఉంది తంటా. ఉయ్యాల ఊపే అమ్మను చూడండి. తొయ్యడం తగ్గితే ఉయ్యాల ఆగిపోతుంది. ఎక్కువైతే బిడ్డ ఎగిరిపడుతుంది. గాలికీ కొక్కేనికీ ఎంత శక్తి పోతోందో అంతే తొయ్యాలి. ఆసిలేటర్ కూడా అంతే. కొంచెం తక్కువైతే స్వరం చచ్చిపోతుంది. కొంచెం ఎక్కువైతే తరంగం తలా తోకా తెగి, చదునుగా మారి, స్వరం బొంగురుపోతుంది. అప్పట్లో మంచి ఆసిలేటర్లు ఉన్నా అవి పెద్ద పెద్ద పరికరాలు. ధర వందల డాలర్లు.

హ్యూలెట్ తీసుకున్న దారి సులువైనది. స్వరం ఏదో నిర్ణయించడానికి రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు చాలు. ఈ అమరిక పేరు వీన్ బ్రిడ్జి. జర్మనీకి చెందిన మాక్స్ వీన్ 1891 నాటి ఆలోచన అది. అందులో ఆంప్లిఫయర్ సంకేతాన్ని సరిగ్గా మూడు రెట్లు పెంచాలి. 2.9 అయితే స్వరం ఆగిపోతుంది. 3.1 అయితే వికృతమైపోతుంది. ఎండలోనూ చలిలోనూ, ట్యూబు కొత్తదైనా పాతదైనా ఆ 'మూడు' మారకుండా చూసేదెవరు?

హ్యూలెట్ ఆ కాపలా పనిని ఓ చిన్న కరెంటు బల్బుకి అప్పజెప్పాడు. మూడు వాట్ల మామూలు బల్బు!

కాపలాదారు పనితనం

బల్బులోని టంగ్‌స్టన్ తీగకు ఓ గుణముంది. చల్లగా ఉన్నప్పుడు కరెంటును తేలిగ్గా పోనిస్తుంది. వేడెక్కేకొద్దీ అడ్డుకుంటుంది. నిండుగా వెలిగే తీగ నిరోధం చల్లటి తీగ నిరోధానికి దాదాపు పది రెట్లుంటుంది. ఆంప్లిఫయర్ దూకుడును తగ్గించే ఫీడ్‌బ్యాక్ దారిలో ఈ బల్బును పెట్టారనుకోండి. స్వరం గట్టిపడగానే బల్బులోకి ఎక్కువ కరెంటు వెళుతుంది. తీగ వేడెక్కుతుంది. నిరోధం పెరుగుతుంది. దాంతో ఆంప్లిఫయర్ తగ్గుతుంది. స్వరం నీరసపడితే తీగ చల్లారుతుంది. ఆంప్లిఫయర్ మళ్లీ పుంజుకుంటుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. ఉయ్యాల ఊపే అమ్మ చేసే పని అచ్చం ఆ తీగ చేస్తుంది. తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ కాస్త సమయం పడుతుంది కాబట్టి, ఒక్కో తరంగానికి ఉలిక్కిపడకుండా సగటున ఎంత గట్టిగా ఉందో చూసి సర్దుకుంటుంది.

ఇందులో ఏ ఒక్క ముక్కా పూర్తిగా కొత్తది కాదు. బ్రిడ్జి వీన్‌ది. తగ్గించే ఫీడ్‌బ్యాక్ 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టింది. బల్బును కాపలా పెట్టడం కూడా అదే సంస్థలో మీచమ్ అనే ఇంజినీరు 1938లో క్రిస్టల్ ఆసిలేటర్‌లో చేసి చూపించాడు. వీటన్నింటినీ కలిపి, కావలసిన స్వరానికి తిప్పుకోగలిగే, చవకైన, బల్ల మీద పెట్టుకునే పెట్టెగా మార్చడం హ్యూలెట్ గొప్పతనం. 1939 జులైలో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. 1942 జనవరిలో వచ్చింది.

ఓవెన్‌లో కాల్చిన రంగు

థీసిస్‌లోని సర్క్యూట్‌ని సరుకుగా మార్చింది ఈ ఇల్లే. 1938 చివర్లో తయారైన నమూనాను కింది వాటాలో చలిమంట గూడు మీద పెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోతో రెండు పేజీల ప్రకటన తయారుచేసి, టెర్మన్ ఇచ్చిన పాతిక చిరునామాలకు పోస్టు చేశారు. జనవరి మొదటి వారాల్లోనే ఆర్డర్లు రావడం మొదలైంది. కొందరైతే చెక్కులు కూడా జతచేసి పంపారు!

పరికరానికి 200ఏ అని పేరు పెట్టారు. ఒకటో నంబరు అంటే 'వీళ్లకిదే మొదటిది కాబోలు' అని కొనేవాళ్లు భయపడతారు కదా, అందుకు. ధర 54 డాలర్ల 40 సెంట్లు. ఆ అంకె వెనక లెక్కాపత్రం ఏమీ లేదు. 54 డిగ్రీల 40 నిమిషాల అక్షాంశం దాకా మాదేనంటూ 1840ల్లో అమెరికాలో మార్మోగిన సరిహద్దు నినాదం గుర్తొచ్చి పెట్టారు. తీరా చూస్తే ఆ ధరకు అమ్మితే తయారీ ఖర్చులు కూడా రావని తేలింది. కంపెనీకి ఎవరి పేరు ముందుండాలన్నదీ నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. హ్యూలెట్ గెలిచాడు. 1939 జనవరి 1న హ్యూలెట్-ప్యాకార్డ్ భాగస్వామ్యం మొదలైంది.

పెట్టెల ముందు పలకలకు రంగు వేసి, దాన్ని గట్టిపరచడానికి లూసీల్ వంటింటి ఓవెన్‌లో కాల్చేవారు. లూసీల్ పగలు స్టాన్‌ఫర్డ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం కంపెనీ ఉత్తరాలు టైపు చేయడం. ఇంట్లోకి నికరంగా వచ్చే జీతం ఆమెదే. గ్యారేజీ కథలు చెప్పేవాళ్లు ఇద్దరు మగపిల్లల సాహసం గురించే చెబుతారు. వాళ్ల వెనక ఓ ప్రొఫెసరు ఫెలోషిప్పూ, విశ్వవిద్యాలయం ప్రయోగశాలా, ఓ ఇల్లాలి జీతమూ, ఆమె వంటిల్లూ ఉన్నాయి. కాలిబాట మీద నిలబడ్డవాళ్లకి గ్యారేజీ కంటే ముందు కనిపించేది ఆ ఇల్లే.

తర్వాతి మలుపు వాల్ట్ డిస్నీ స్టూడియో నుంచి వచ్చింది. 'ఫాంటాసియా' సినిమాకి కొత్త తరహా సౌండు ఏర్పాటు చేసుకుంటూ, దాన్ని పరీక్షించడానికి వాళ్లకి ఆసిలేటర్లు కావలసి వచ్చాయి. వాళ్ల అవసరానికి తగ్గట్టు మార్చిన 200బీ మోడల్ ఎనిమిది కొన్నారు. ఒక్కోటి 71 డాలర్ల 50 సెంట్లు. ఆ సినిమా 1940 నవంబరులో విడుదలైంది. మొదటి ఏడాది, అంటే 1939లో, కంపెనీ అమ్మకాలు 5,369 డాలర్లు, లాభం 1,563 డాలర్లు. 1940లో షెడ్డు ఖాళీ చేసి పేజ్ మిల్ రోడ్డులో అద్దె భవనానికి మారిపోయారు.

ముందు శ్రుతి, తర్వాతే పాట

ఇంతకీ ఈ పెట్టె ఏం చేస్తుంది? పాట పాడదు, మాట మాట్లాడదు. ఒకే స్వరం, కదలకుండా, మెదలకుండా ఇస్తుంది. తంబురా కూడా చేసేది అదే కదా! కచేరీకి ముందు శ్రుతి సరిచూసుకున్నట్టే, ఆంప్లిఫయర్ కట్టినవాడు దాని పనితనం తేల్చుకోవాలంటే తనకు తెలిసిన స్వరం ఒకటి లోపలికి పంపాలి. వెయ్యి హెర్ట్జ్ పంపితే అదే రూపంలో బయటికొచ్చిందా? ఇరవై హెర్ట్జ్‌లో నీరసపడుతోందా? ఇరవై వేలలో మాయమవుతోందా? తెలిసినదాంతో పోల్చినప్పుడే తెలియనిదాని లోపం బయటపడుతుంది. రేడియో, టెలిఫోను, సినిమా, రాడార్... ఎవరు ఏం కనిపెట్టినా ముందు ఈ శ్రుతిపెట్టె కావాలి. అందుకే ఆ లోయలో నిలదొక్కుకున్న తొలి సరుకు వస్తువులు తయారుచేసేవాళ్లకి పనికొచ్చే వస్తువు అయింది.

మన ఊళ్లలో రేడియో మెకానిక్కులకు ఈ సంగతి బాగా తెలుసు. ట్రాన్సిస్టర్ రేడియో మూగబోతే, రెండు ట్రాన్సిస్టర్లతో పెన్ను గొట్టంలో ఇమిడిపోయేలా సొంతంగా కట్టుకున్న 'సిగ్నల్ ఇంజెక్టర్' తీసేవాళ్లు. స్పీకర్ వైపు నుంచి వెనక్కి ఒక్కో దశలో దాని మొన ఆనించేవాళ్లు. 'కుయ్' మని వినిపించినంతవరకూ రేడియో బాగున్నట్టు. ఎక్కడ ఆగిపోతే జబ్బు అక్కడున్నట్టు. కాస్త పెద్ద షాపు అయితే 455 కిలోహెర్ట్జ్ ఇచ్చే సిగ్నల్ జనరేటర్ బల్ల మీద ఉండేది. దాని సాయంతో ఐఎఫ్ కాయిళ్లను పుల్లతో తిప్పి సరిచేసేవాళ్లు.

మోగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్‌కి

ఈ లోయకీ తెలుగునేలకీ ఉన్న బంధం సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, టాటా స్కాలర్‌షిప్‌తో 1940ల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదవడానికి వెళ్లారు. హ్యూలెట్, ప్యాకార్డ్ చదివిన విశ్వవిద్యాలయమే. చదువయ్యాక అక్కడ ఉండిపోలేదు. తిరిగొచ్చి హోమీ భాభాతో కలిసి పనిచేశారు. అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు మనమే తయారుచేసుకోవాలన్న పట్టుదలతో సాగిన ఆ పనిలోంచే 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది ఆ సంస్థే. మన ఇళ్లలో వెలిగిన ఈసీ టీవీ కూడా వాళ్లదే. హైదరాబాద్‌లో రోజూ వేలమంది 'ఏఎస్ రావు నగర్' బోర్డు ఉన్న బస్సెక్కుతారు. ఆ రావు గారు ఈయనే.

టెర్మన్ కోరుకున్నది తన కుర్రాళ్లు ఊళ్లోనే ఉండి పని మొదలుపెట్టాలని. ఏఎస్ రావు చేసింది అదే.

కాగితాలు కాలిపోయాయి

ఇప్పుడీ కథలో మిగిలిందేమిటి? హెచ్‌పీ పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్‌గా విడిపోయింది. అందులోంచి 2014లో కీసైట్ వచ్చింది. నేడు ఇంజినీరింగ్ కాలేజీల్లో, పరిశోధనశాలల్లో కనిపించే కీసైట్ సిగ్నల్ జనరేటర్లు ఆ 200ఏకి వారసులు. కంపెనీ పాత దస్తావేజులు కూడా కీసైట్ దగ్గరికే చేరాయి. హ్యూలెట్, ప్యాకార్డ్ రాసుకున్న ఉత్తరాలు, ప్రసంగాలు వందకు పైగా పెట్టెల్లో శాంటా రోసాలోని ఆ సంస్థ ఆవరణలో ఉండేవి. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాను దహించిన టబ్స్ కార్చిచ్చులో అవి బూడిదయ్యాయి.

లోయలో చేత్తో పనిచేసేవాళ్లకి కావలసిన దుకాణాలూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. సన్నీవేల్‌లో పాత కంప్యూటర్ సామాన్లకు పేరుపడ్డ వియర్డ్‌స్టఫ్ 2018లో, శాంటాక్లారాలో విడిభాగాలు గుట్టలుగా పోసి అమ్మిన హెచ్ఎస్‌సీ 2019లో, ఊరూరా కనిపించిన ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ 2021లో. సిలికాన్ వ్యాలీలో ఓ రెసిస్టర్ కొనాలంటే కంప్యూటర్‌లో ఆర్డరు పెట్టి తలుపు దగ్గర ఎదురుచూడటమే చాలామందికి మిగిలిన దారి. ఆ మాటకొస్తే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తిరిగే పాలిటెక్నిక్ కుర్రాడే అదృష్టవంతుడు. కౌంటర్ ముందు నిలబడి, 'అన్నా, పదహారు కే రెండు' అంటే కాగితం పొట్లంలో చేతికొస్తాయి.

గ్యారేజీకి తాళం. కాగితాలు బూడిద. దుకాణాలు మూత. కానీ ఆ సర్క్యూట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కట్టినవాడి చేతిలో ప్రతిసారీ కొత్తగా మోగుతుంది.

మన టేబుల్ మీద 200ఏ

అప్పటి వ్యాక్యూమ్ ట్యూబుల బదులు ఇప్పుడు ఓ ఐసీ చాలు. ఎన్‌ఈ5532 అని అడిగితే ఇస్తారు. దాంతోపాటు 16 కిలో ఓముల రెసిస్టర్లు రెండు, 10 నానోఫారడ్ కెపాసిటర్లు రెండు, 500 ఓముల ప్రీసెట్ ఒకటి, 12 వోల్టుల 50 మిల్లీఆంపుల బుల్లి బల్బు ఒకటి, 9 వోల్టుల బ్యాటరీలు రెండు, ఓ బ్రెడ్‌బోర్డు. ఎల్ఈడీ పనికిరాదు, తీగ ఉన్న పాతరకం బల్బే కావాలి. ఇంటి కరెంటు అక్కర్లేదు కాబట్టి షాకు భయం లేదు.

ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసగా కలిపి ఐసీ అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కి. రెండో జత పక్కపక్కన కలిపి ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి. ప్రీసెట్ అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి. బల్బు మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి. రెండు బ్యాటరీలు కలిసే చోటే గ్రౌండ్. అంతే! స్వరం ఎంతో లెక్క కూడా సులువే. ఒకటిని రెండు పైలతో, రెసిస్టర్ విలువతో, కెపాసిటర్ విలువతో భాగించాలి. ఈ విలువలకు 995 హెర్ట్జ్ వస్తుంది. చేతికందే విడిభాగాల విలువలు కాస్త అటూ ఇటూ ఉంటాయి కాబట్టి స్వరమూ కాస్త అటూ ఇటూ అవుతుంది.

అవుట్‌పుట్‌కి ఓ పది కిలో ఓముల రెసిస్టర్ ద్వారా చిన్న ఆంప్లిఫయర్ తగిలించి, ప్రీసెట్‌ని నెమ్మదిగా తిప్పాలి. మొదట నిశ్శబ్దం. ఇంకొంచెం... ఇంకొంచెం... ఒకచోట సన్నగా, తేటగా ఈల మొదలవుతుంది. తిప్పిన ప్రతిసారీ స్వరం ఓసారి పొంగి, తగ్గి, మళ్లీ సర్దుకుంటుంది. లోపల తీగ వేడెక్కుతూ చల్లారుతూ లెక్క సరిచూసుకుంటోందన్నమాట. బల్బు వైపు చూస్తే వెలుగేమీ కనిపించదు. సరిగ్గా కుదిరిన సర్క్యూట్‌లో అది వెలగదు. వెలగకుండానే పనిచేస్తుంది.

ఇంతకంటే తేలికైన దారులు లేకపోలేదు. ఎక్స్ఆర్2206 పేరుతో చవక కిట్లు దొరుకుతున్నాయి. ఫోనులో ఓ యాప్ దించుకుంటే ఏ స్వరమైనా వచ్చేస్తుంది. పని జరగడానికి అవి చాలు. కానీ యాప్‌లో వేలు జరిపితే అంకె మారుతుంది తప్ప, స్వరం చావడానికీ వికృతం కావడానికీ మధ్య ఉన్న ఆ సన్నటి గీత చేతికి తెలియదు. 'గెయిన్ మూడు ఉండవలెను' అని పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన విద్యార్థికి, ప్రీసెట్ తిప్పుతుండగా ఆ మూడు చెవికి వినిపిస్తుంది.

ఎలా వెళ్లాలి?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గానీ శాన్‌హోసే నుంచి గానీ కాల్‌ట్రెయిన్‌లో పాలో ఆల్టో స్టేషన్‌లో దిగాలి. అక్కణ్నుంచి ఇరవై నిమిషాల నడక. దారిలో ఎమర్సన్-చానింగ్ మూల ఫలకం చూసుకోవచ్చు. గ్యారేజీని కాలిబాట మీద నుంచి చూడటానికి రుసుము లేదు. చుట్టూ జనం కాపురముంటున్న ఇళ్లు కాబట్టి గట్టిగా మాట్లాడటం, దారికి అడ్డంగా కారు ఆపడం బాగుండదు. మధ్యాహ్నం స్టాన్‌ఫర్డ్ ఆవరణలో తిరిగితే ప్యాకార్డ్, హ్యూలెట్‌ల పేర్లతో భవనాలు కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి. వీలైతే బల్బు సర్క్యూట్ కట్టించాకే తీసుకెళ్లండి. అప్పుడు ఆ మూసిన తలుపుల ముందు 'ఇంతేనా' అనరు.